ఇంటిలోని చల్లదనం ఎవరి కొరకు?

గత వేసవిలో, మే నెల రెండవ వారంలో, బహదూర్‌పల్లిలోని ఒక కుటుంబం వారు గృహ ప్రార్థనకు రమ్మని పిలిచారు. సాయంత్రం ఏడు గంటలు దాటినా గాలి ఆడడం లేదు. పగలంతా స్లాబు మీద పడిన ఎండ అప్పుడే గదులలోకి దిగుతున్నది. ప్రార్థన ముగిసిన తరువాత ఆ ఇంటి కుమారుడు మమ్మును పడకగదిలోకి తీసుకొని వెళ్లాడు. "లోపల కూసోండి అయ్యగారూ, సల్లగుంటది" అన్నాడు. గోడకు కొత్త ఏసీ ఉన్నది. దాని మీద 18 అనే అంకె వెలుగుతున్నది. పది నిమిషాలు గడిచేసరికి మా చేతివేళ్లు చల్లబడ్డాయి. అప్పుడు గమనించాము, ఆ ఇంటి పెద్దమ్మ గదిలో లేదు. డెబ్బై దాటిన ఆ తల్లి బయట వరండాలో నులకమంచం మీద కూర్చొని కొంగుతో విసురుకొంటున్నది.

"లోపలికి రారాదా అమ్మా?" అని అడిగాము.

"లోపల కూసుంటే మోకాళ్లు గుంజుతయ్ అయ్యగారూ. బయట కూసుంటే ఉక్కపోస్తది. ఏం జెయ్యాలె?" అన్నది.

టీ తెచ్చిన కోడలు తన బాధ తాను చెప్పుకొన్నది. అంతకుముందు వారికి సున్నా కరెంటు బిల్లు వచ్చేది. ఏసీ పెట్టిన తరువాత వచ్చిన మొదటి బిల్లు పదిహేను వందల రూపాయలు దాటింది. "అత్తమ్మకు చలి, ఆయనకు ఉక్క, నాకు బిల్లు" అని నవ్వుతూనే అన్నది. కాని ఆ నవ్వులో చింత ఉన్నది.

ఏసీ కొన్నది తల్లి కొరకే. ఇప్పుడు ఆ తల్లే బయట ఉన్నది, డబ్బేమో ఖర్చయిపోతున్నది. ఈ పరిస్థితి ఆ ఒక్క ఇంటిది కాదు. మేము తిరిగే అనేక గృహాలలో ఇదే మాట వింటున్నాము. కాబట్టి ఇంటిలో చల్లదనాన్ని ఎంత దగ్గర ఉంచాలి, ఎందుకు అంతే ఉంచాలి అనే సంగతి ఈ నెల మన కుటుంబాలతో కొంచెం వివరంగా మాట్లాడదలచాము.

మన ఇండ్లు మారినవి

బాలానగర్ నుండి సూరారం మీదుగా గండిమైసమ్మ వైపు వెళ్లే దారిలో బహదూర్‌పల్లి వస్తుంది. ఈ మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరు పొందినవి. ఇక్కడి పాత ఇండ్లకు మందమైన మట్టి గోడలు, పైన పెంకులు, వాకిట్లో వేపచెట్టు ఉండేవి. మట్టి గోడ ఎండను త్వరగా లోపలికి రానియ్యదు. పెంకుల సందుల నుండి వేడిగాలి పైకి వెళ్లిపోతుంది. రాత్రికి అందరూ ఆరుబయట మంచాలు వేసుకొనేవారు.

ఇప్పుడు ఊరిలో కాలనీలు, అపార్టుమెంట్లు, పెద్ద విద్యాసంస్థలు వచ్చాయి. మన ఇండ్లకు సిమెంటు స్లాబులు వచ్చాయి. అందులో తప్పేమీ లేదు. వానకు కారని ఇల్లు దొరకడం మేలే. అయితే స్లాబు పగటి వేడిని తనలో దాచుకొని రాత్రికి మన మీద వదులుతుంది. దోమలకు భయపడి కిటికీలు మూస్తాము. దొంగలకు భయపడి ఆరుబయట పడుకోము. అందుచేత కూలరు, ఏసీ మనకు విలాస వస్తువులు కాకుండా అవసరాలవుతున్నాయి. అవసరమైన దానిని వాడడం తప్పు కాదు, అయితే ఎలా వాడాలో తెలిసి వాడాలి.

ఆ అంకె చెప్పేదేమిటి?

ఏసీ రిమోట్ మీద కనిపించే అంకె వెనుక థర్మోస్టాట్ అనే చిన్న సాధనం ఉన్నది. గది వేడి ఎంత ఉన్నదో కనిపెట్టి, మనం కోరిన అంకెకు రాగానే యంత్రాన్ని ఆపడమో తగ్గించడమో దాని పని. దీని చరిత్ర ఒక బడిలో మొదలయింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో వారెన్ జాన్సన్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. అక్కడ చలి ఎక్కువ. గది వెచ్చదనం చూడడానికి బడి నౌకరు మాటిమాటికి తరగతిలోకి వచ్చేవాడు, పాఠం ఆగిపోయేది. ఆ ఇబ్బంది పోవాలని జాన్సన్ విద్యుత్తుతో పనిచేసే థర్మోస్టాట్ తయారుచేసి, 1883లో దానికి పేటెంటు పొందాడు. మనిషి మాటిమాటికి లేవకుండా, ఎంత కావాలో అంత దగ్గరే ఆగడం దాని ఉద్దేశం.

మనలో చాలామంది అంకెను ఈ విధంగా చూడడం లేదు. పై కుటుంబంలోని కుమారుడు కూడా మాతో, "పద్దెనిమిదిల పెడితెనే జల్ది సల్లగైతది అయ్యగారూ" అన్నాడు. ఇది చాలా ఇండ్లలో ఉన్న పొరపాటు. పొయ్యి మంట పెంచితే నీళ్లు త్వరగా కాగుతాయి, కాని ఏసీ అంకె తగ్గించడం మంట పెంచడం వంటిది కాదు. మామూలు ఏసీలో కంప్రెసరు నడిచినంతసేపు ఒకే వేగంతో నడుస్తుంది. మీరు 18లో పెట్టినా 26లో పెట్టినా గది 26కు రావడానికి పట్టే సమయం ఒక్కటే. తేడా ఆ తరువాతనే ఉన్నది. 26లో పెడితే అక్కడ ఆగుతుంది. 18లో పెడితే ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. మండు వేసవిలో చాలా గదులు ఆ 18కి చేరనే చేరవు. ఇన్వర్టరు ఏసీ తన వేగాన్ని తానే మార్చుకొంటుంది. గది బాగా వేడిగా ఉన్నప్పుడు అదే వేగంగా నడిచి, మనం కోరిన అంకె దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది. అంకెను మరీ కిందికి పెట్టామంటే దానికి నెమ్మదించే అవకాశం మనమే ఇవ్వడం లేదు.

ఎంత చాలు?

మన దేశంలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది. ఏసీల మీద, ఫ్రిజ్‌ల మీద నక్షత్రాల గుర్తులు వేయించేది ఈ సంస్థే. దీని నియమం ప్రకారం 2020 జనవరి 1 నుండి నక్షత్రాల గుర్తుతో అమ్మే గది ఏసీలన్నీ మొదట 24 డిగ్రీల వద్దనే ఉండేలా తయారుచేయాలి. ఆ తరువాత మనం మార్చుకోవచ్చును. ఒక్కొక్క డిగ్రీ పైకి పెట్టిన కొలది సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఆ సంస్థ చెబుతున్నది. అంటే 20లో పెట్టేవారు 26కు మారితే దగ్గరదగ్గర ముప్ఫై శాతం కలిసివస్తుంది. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి, ఇకముందు ఏసీలు 20కి తక్కువ, 28కి ఎక్కువ పెట్టుటకు వీలు లేకుండా నియమం తెస్తామని కూడా ప్రకటించారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట ఇంకా మనకు దగ్గరగా ఉన్నది. ఏసీ ఉన్నవారు దానిని 27 డిగ్రీల వద్ద ఉంచి, దానితోపాటు ఫ్యాను వేసుకోవాలని ఆ సంస్థ సలహా ఇస్తున్నది. అలా చేస్తే గది ఇంకొక నాలుగు డిగ్రీలు తక్కువగా ఉన్నట్లు ఒంటికి తోస్తుంది. ఫ్యాను గదిని చల్లబరచదు. ఒంటి మీది చెమటను ఆర్పి మనిషిని చల్లబరుస్తుంది. అందుకనే మనిషి లేని గదిలో ఫ్యాను తిరగడం వృథా. మనిషి ఉన్న గదిలో అది ఏసీకి మంచి తోడు.

"26 డిగ్రీలు మనకు చాలవు అయ్యగారూ, అవి పైదేశాల లెక్కలు" అని కొందరు అంటారు. నిజానికి మన లెక్క అంతకన్నా పైన ఉన్నది. మాధవి ఇంద్రగంటి అనే పరిశోధకురాలు 2008లో హైదరాబాదులోని అపార్టుమెంట్లలో ఎండాకాలం, వానాకాలం నివాసులను అడిగి చూశారు. ఏసీ మీద ఆధారపడక కిటికీలు, ఫ్యాన్లతో ఉండే నూరుమందికి పైగా ఆ పరిశీలనలో ఉన్నారు. వారికి హాయిగా తోచిన వేడి సగటున సుమారు 29 డిగ్రీలు. 26 నుండి 32 వరకు తమకు సర్దుబాటుగానే ఉన్నదని వారు తెలిపారు. అప్పటికి మన దేశపు భవన నియమావళిలో సౌఖ్యమైన వేడి 23 నుండి 26 అని వ్రాసి ఉన్నది. మన శరీరాలు మన ఎండకు అలవాటుపడి ఉన్నాయన్నమాట. పలుచని నూలు బట్ట, ఫ్యాను గాలి, తెరిచిన కిటికీ మనకు చేసే మేలు తక్కువది కాదు.

కాబట్టి మా సలహా ఇది. ఏసీ ఉన్న ఇంటిలో 26 దగ్గర పెట్టండి, ఫ్యాను చిన్నగా తిరగనియ్యండి. మూడు రాత్రులు అలా పడుకొని చూడండి. ఇంకా ఉక్కగా ఉంటే 25 లేక 24కు తగ్గించండి. చలిగా ఉంటే 27కు పెంచండి. దుప్పటి కప్పుకొని ఏసీ కింద పడుకొంటున్నామంటే, డబ్బు పెట్టి చలి కొని, ఆ చలికి మళ్లీ దుప్పటి కొంటున్నామని అర్థం.

రెండు వందల యూనిట్ల గీత

ఇప్పుడు బిల్లు సంగతి చూద్దాము. తెలంగాణలో గృహజ్యోతి పథకం క్రింద 2024 మార్చి నుండి అర్హత గల రేషను కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తున్నది. ఆ గీత దాటితే, దాటిన యూనిట్లకు మాత్రమే కాక మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. పథకంలో లేనివారికి కూడా 200 ఒక మెట్టు. 2022 ఏప్రిల్ నుండి అమలైన ధరలలో, 200 లోపు వాడిన ఇంటికి మొదటి నూరు యూనిట్లు రూ. 3.40 చొప్పున, తరువాతి నూరు రూ. 4.80 చొప్పున పడతాయి. 200 దాటిన ఇంటికి ఆ మొదటి 200 యూనిట్లకే రూ. 5.10 చొప్పున, ఆపైన 300 వరకు రూ. 7.70 చొప్పున పడతాయి. ఇతర చార్జీలు వేరు.

ఒక లెక్క వేద్దాము. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, దీపాలు, నీళ్ల మోటారు కలిపి ఒక ఇంటికి వేసవిలో నెలకు 130 యూనిట్లు అవుతాయనుకొందాము. ఒక టన్ను ఇన్వర్టరు ఏసీని 18లో పెట్టి రాత్రి తొమ్మిది గంటలు నడిపితే, గంటకు అర యూనిట్ చొప్పున నెలకు 135 యూనిట్లు. మొత్తం 265. ఆ ఇంటి బిల్లు ఇతర చార్జీలు కాక రూ. 1,520. అదే ఏసీని 26లో పెట్టి, ఫ్యాను తోడుచేసి, ఐదు గంటల తరువాత ఆగేలా టైమరు పెడితే, గంటకు సుమారు 0.3 యూనిట్ చొప్పున నెలకు 45 యూనిట్లు. మొత్తం 175. పథకంలో ఉన్న ఇంటికి సున్నా. లేని ఇంటికి రూ. 700. ఇల్లు అదే, యంత్రం అదే, రాత్రి నిద్ర కూడా అదే. మారినది అంకె, గడియారం మాత్రమే. మీ గది పరిమాణాన్ని బట్టి, యంత్రాన్ని బట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ కావచ్చును. అందుకని నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకొనే అలవాటు చేసుకోండి. నెల చివర బిల్లు చూసి బాధపడేకన్నా అది మంచిది.

కొత్త ఏసీ కొనేవారు నక్షత్రాలతోపాటు ఆ గుర్తు మీద ముద్రించిన యూనిట్లను చూడండి. 1,600 గంటలకు ఎన్ని యూనిట్లు కాలుతుందో అక్కడ వ్రాసి ఉంటుంది. ఫ్యాన్లకు కూడా 2023 జనవరి నుండి నక్షత్రాల గుర్తు తప్పనిసరి అయింది. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకొంటే, కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. ఏసీ లేని ఇంటికి కూడా ఈ మిగులు దొరుకుతుంది.

మేము నేర్చుకొన్న పాఠం

ఇంతవరకు పొదుపు గూర్చి చెప్పాము. ఇప్పుడు చెప్పబోయేది మాకు కష్టమైన సంగతి.

కొన్ని సంవత్సరాల క్రితం ఏప్రిల్ నెలలో మేము సంఘంలో కరెంటు దుబారా గూర్చి గట్టిగా మాట్లాడాము. తిరిగే ప్రతి ఫ్యానుకు లెక్క చెప్పాలి అన్నట్లు మాట్లాడాము. ఆ మాటలు విన్నవారిలో శామీర్‌పేట వైపు ఒక గ్రామం నుండి వచ్చే ఒక పెద్దాయన ఉన్నారు. భార్య గతించింది. కుమారుడు పని మీద గల్ఫ్‌లో ఉన్నాడు. తండ్రి కొరకు డబ్బు పంపి రేకుల గదిలో కూలరు పెట్టించాడు. మే నెల మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, పక్కింటి వారు మజ్జిగ ఇవ్వడానికి వెళ్లేసరికి ఆ పెద్దాయన మంచం మీద తెలివి లేకుండా ఉన్నారు. ఒళ్లు కాలిపోతున్నది, చెమట లేదు. కూలరు ఆపి ఉన్నది. దాని మీద గుడ్డ కప్పి ఉన్నది.

ఆస్పత్రిలో ఐదు రోజులు ఉండి ఆయన బ్రతికి బయటపడ్డారు. మేము చూడడానికి వెళ్లి, "కూలరు ఎందుకు వేసుకోలేదు పెద్దయ్యా?" అని అడిగితే, "ఒక్కనికి అంత కరెంటు ఎందుకని... మీరే చెప్పిండ్రు గద అయ్యగారూ" అన్నారు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఎవరికి చెప్పవలసిన మాట ఎవరికి చెప్పామో అప్పుడు తెలిసింది. దుబారా చేసేవారు మా మాట విని ఊరుకొన్నారు. ఎన్నడూ దుబారా ఎరుగని మనిషి దానిని మనసుకు తీసుకొన్నాడు.

వడదెబ్బ చిన్న సంగతి కాదు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు మన రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి మించి చనిపోయారు. వయసు మళ్లినవారికి దాహం సరిగా తెలియదు, చెమట సరిగా పట్టదు. తమకు వేడి చేస్తున్నదని వారు గుర్తించేసరికే ఆలస్యమవుతుంది. బీపీకి, గుండెకు మందులు వాడేవారికి, గర్భిణులకు, పసిబిడ్డలకు అపాయం ఎక్కువ. గది వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను ఒంటిని చల్లబరచదు సరికదా, ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. రేకుల ఇంటిలో మే నెల మధ్యాహ్నం ఆ వేడి రావడం అసాధ్యం కాదు. అప్పుడు కూలరు, తడిగుడ్డ, చెట్టు నీడ, పక్కింటి చల్లని గది, ఏది దొరికితే దానిని వాడవలసిందే. ఆ వేళ పొదుపు మాట ఎత్తకూడదు.

కాబట్టి ఇంటిలో ఆ అంకెను ఎవరు నిర్ణయించాలి? రిమోట్ చేతిలో ఉన్నవారు కాదు, బిల్లు కట్టేవారు కూడా కాదు. ఆ గదిలో ఉన్నవారిలో అందరికన్నా బలహీనులెవరో వారి ఒంటిని చూసి నిర్ణయించాలి. ముసలితల్లికి మోకాళ్లు గుంజుతుంటే అంకె పైకి పోవాలి. ముసలితండ్రి వేడికి సోలిపోతుంటే అంకె కిందికి రావాలి, ఖర్చు మిగిలినవారు పంచుకోవాలి. చంటిబిడ్డ ఉన్న గదిలో చల్లగాలి నేరుగా బిడ్డ మీదికి రాకుండా చూడాలి. బిడ్డ మెడ వెనుక చెయ్యి పెట్టి చూస్తే చలో ఉక్కో తల్లికి తెలుస్తుంది.

ఒక అధ్యక్షుని ఊలు కోటు

1977లో అమెరికాలో చలికాలం చాలా కఠినంగా వచ్చి, ఇండ్లను వెచ్చబరచే గ్యాసుకు కొరత ఏర్పడింది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 2న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సూటుకు బదులు ఊలు కోటు వేసుకొని టెలివిజన్‌లో కనిపించారు. ప్రజలందరూ ఇంటి థర్మోస్టాట్‌ను పగలు 65, రాత్రి 55 ఫారన్‌హీట్ డిగ్రీల వద్ద ఉంచాలని కోరారు. మన లెక్కలో పగలు 18, రాత్రి 13 డిగ్రీలకు దగ్గర. వారిది చలి దేశం కనుక అక్కడ తగ్గించడమే పొదుపు. మనది వేడి దేశం కనుక ఇక్కడ పెంచడం పొదుపు. కార్టర్‌ను కొందరు ఎగతాళి చేశారు. అయితే ఆయన ఆ మాట తాను ఊలు కోటు వేసుకొని చెప్పాడు. తన ఊరి చర్చిలో ఎన్నో సంవత్సరాలు ఆదివారపు బడి పాఠాలు చెప్పిన ఆయన, 2024 డిసెంబరులో నూరేండ్ల వయసున కన్నుమూశారు.

జపాన్ ప్రభుత్వం 2005లో కార్యాలయాలలో ఏసీలను వేసవిలో 28 వద్ద పెట్టాలని కోరుతూ, ఉద్యోగులు కోటు, టై లేకుండా రావచ్చునని అనుమతి ఇచ్చింది. మొదట బట్ట మార్చి, తరువాత అంకె మార్చారు. మన పెండ్లి హాళ్లలో సూటు వేసుకొని ఏసీని 16లో పెట్టించేవారు ఈ సంగతి ఆలోచించాలి.

ఏసీ లేని ఇంటిలో కూడా

మన పాఠకులలో ఎక్కువమంది ఇండ్లలో ఏసీ లేదని మాకు తెలుసు. అయినా థర్మోస్టాట్ మీ ఇంటిలో ఉండే ఉంటుంది.

ఫ్రిజ్ లోపల తిప్పే బిళ్ల మీద 1 నుండి 5 వరకో 7 వరకో అంకెలుంటాయి. అవి డిగ్రీలు కావు. అంకె పెరిగిన కొలది చలి పెరుగుతుంది. పాలు, కూరలు చెడకుండా ఉండడానికి లోపల 4, 5 డిగ్రీలు చాలు. మధ్య అంకెలో పెట్టి చూడండి. చలికాలం తగ్గించండి. వేడి అన్నం, కూర ఆరిన తరువాతనే లోపల పెట్టండి. ఫ్రిజ్ వెనుక గోడకు జానెడు సందు వదలండి.

గీజరు ఉన్నవారు ఒక సంగతి గమనించండి. వేడినీళ్లలో సగానికి పైగా చన్నీళ్లు కలుపుకొంటే గాని స్నానం చేయలేకపోతున్నారా? అయితే దాని థర్మోస్టాట్ అవసరానికి మించి ఉన్నదని అర్థం. ఎలక్ట్రీషియనుతో 50 డిగ్రీల దగ్గరికి తగ్గించుకోండి. కరెంటు తీయకుండా మీరు స్వయంగా చెయ్యి పెట్టవద్దు. 2,000 వాట్ల గీజరు అరగంటలో ఒక యూనిట్ కాలుస్తుంది. ఎండాకాలం దానిని పూర్తిగా ఆపివేయవచ్చును.

కూలరు వాడేవారు ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచండి. గాలి బయటికి పోయే దారి లేకపోతే గదిలో తేమ నిండి ఉక్క ఎక్కువవుతుంది. వానలు మొదలైన తరువాత కూలరు వలన అంత ప్రయోజనం ఉండదు. ఏసీ ఉన్నవారు రెండు వారాలకొకసారి దాని జాలీ కడగండి. తలుపు కింది సందులు మూయండి. పడమటి కిటికీకి మధ్యాహ్నం తెర వేయండి.

అన్నింటికన్నా పైకప్పును చూడండి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులు ఎండను తిప్పికొట్టేవిగా ఉండాలని దాని లక్ష్యం. హైదరాబాదు ప్రాంతంలోని భవనాల మీద జరిపి 2012లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే ఏసీ కరెంటు 10 నుండి 19 శాతం వరకు తగ్గుతుందని తేలింది. కప్పుకు సున్నం వేయడం మన పెద్దలు ఎరుగని విద్య కాదు. మార్చి నెలలో కప్పు కడిగి తెల్లపూత వేస్తే, ఏసీ లేని ఇల్లు కూడా ఆ మేలు పొందుతుంది. గత సంవత్సరం మా సంఘ యువకులు ఆ పెద్దాయన రేకుల మీద తెల్లరంగు వేసి వచ్చారు. కూలరు మీది గుడ్డను కూడా తీసివేసి వచ్చారు.

మరల ఆ ఇంటికి

జూన్ నెలలో బహదూర్‌పల్లిలోని ఆ కుటుంబాన్ని మరల దర్శించాము. మేము చెప్పిన ప్రకారం వారు ఏసీని 26లో పెట్టి, పాత ఫ్యానును నెమ్మదిగా తిప్పుతున్నారు. తల్లి మంచాన్ని గాలి నేరుగా తగలని గోడవైపుకు జరిపారు. తెల్లవారుజామున మూడు గంటలకు ఏసీ ఆగేలా టైమరు పెట్టారు. బిల్లు మరల గీత లోపలికి వచ్చింది. వానలు కొంత సాయం చేశాయని కోడలు నిజాయితీగా చెప్పింది.

మొదటి రెండు రాత్రులు తనకు ఉక్కగా తోచిందని కుమారుడు ఒప్పుకొన్నాడు. మూడవ రాత్రి నుండి అలవాటైందట. "మరి రిమోట్ ఎవరి దగ్గర ఉంటున్నది?" అని అడిగాము. అతడు తల్లివైపు చూపించాడు. ఆమె దిండు కింద నుండి దానిని తీసి మాకు చూపించింది.

"నాకు ఒత్తరాదు అయ్యగారూ," అన్నది, "గని నన్ను అడిగే ఒత్తుతున్నరు."

వరండాలోని నులకమంచం గోడకు నిలబెట్టి ఉన్నది.